దెగ్లూర్ లారీ, లాత్వియా కారు

మా అల్లుని మీద మొదటి మాట మోసుకొచ్చింది మా చిన్నమ్మ బిడ్డ సుజాత. కామారెడ్డిలో మా ఇంటికి రెండు గల్లీల అవతలనే ఉంటది. ఆ పొద్దు పూజ ముగించుకొని ముందటర్రలో కూర్చొని బియ్యం చెరుగుతున్న. మామిడికాయ తొక్కు కోసం వచ్చిన అన్నది గని చేతిలో గిన్నె లేదు. గిన్నె లేకుండ తొక్కుకు వచ్చిన మనిషి వేరే పని మీదనే వచ్చి ఉంటదనుకున్న గని అడగలేదు. చాటలో చెయ్యి ఆడించుకుంట కూర్చున్న.

"అక్కా, నువ్వేం అనుకోనంటె ఒక మాట."

"ముందు విననియ్యి. అనుకునుడు తర్వాత సంగతి."

ఫోను తీసి నా ముక్కు కాడ పెట్టింది. సుజాత మరిది ఒకడు, మా అల్లుడు రవీందర్ ఒకడు, ఇద్దరూ లిథువేనియా అనే దేశంలో లారీలు నడుపుతరు. మన దిక్కు పిల్లలు ఒకప్పుడు దుబాయి, మస్కట్ పోయినట్టు ఇప్పుడు అటు పోతున్నరు. ఆ మరిది పంపిన ఫొటో అది. ఏదో వంటింట్లో రవీందర్ నిలబడ్డడు. ఎర్రజుట్టు ఆడమనిషి ఒకామె ఆయన మెడకు ఉన్ని గుడ్డ చుడుతున్నది.

"చలి దేశం గదనే," అన్న.

"చలి అందరికి ఉంటది అక్కా. మా మరిదికి ఎవలు చుడుతలేరు."

నవ్వు వచ్చింది గని నవ్వలేదు. ఎందుకంటే ఆ ఫొటో అప్పటికే సదాశివనగర్‌లో అత్తగారింట ఉన్న మా బిడ్డ లావణ్యకు పోయింది. మాపటికల్లా లావణ్య బస్సు దిగి వచ్చింది. ఏడ్వలేదు. ఎండాకాలం రమ్మని, ఊర్లు చూపిస్తనని రవీందర్ ఏడాది నుంచి పిలుస్తున్నడు. తన పాపను అత్త దగ్గర ఉంచి పోదామని అంతకుముందే అనుకున్నది. ఇప్పుడు నన్ను గూడ రమ్మన్నది. "నువ్వు చూడాలె అమ్మా. రేపు పెద్దమనుషులల్ల కూర్చుంటే నేను చెప్పింది కోపంమాట అంటరు. నువ్వు చూసింది చూసినట్టు చెప్తే నమ్ముతరు. నువ్వు అబద్ధం ఆడవని మా అత్తకు సుత ఎరుకనే. తప్పు ఉన్నదంటే నేను ఆ ఇంటి గడప మళ్ల తొక్కను." అంటే నా నోటి మీద దాని కాపురం పెట్టింది. సరే అన్న గని ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒకరి మీద కన్నేసి రమ్మని నన్ను బండెక్కించుడు అది మొదటిసారి కాదు.

నా చిన్నప్పుడు మేం ఎల్లారెడ్డిలో ఉండేటోళ్లం. మా బాపు లారీ డ్రైవరు. కామారెడ్డి గంజి బజారులో బెల్లం నింపుకొని, ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందట ఆపి, సద్ది కట్టించుకొని పిట్లం, బిచ్కుంద, మద్నూర్ మీదుగ సరిహద్దు దాటి మహారాష్ట్రలో దెగ్లూర్ పోయేటోడు. మా అమ్మను మేం అవ్వ అనేటోళ్లం. అవ్వకు ముక్కే కన్ను. బాపు తిరిగొచ్చి అంగీ విప్పితే దాన్ని నానబెట్టే ముందు గూనె దగ్గర నిలబడి వాసన చూసేది. బెల్లం వాసన, డీజిల్ వాసన, బీడీ వాసన, ఈ మూడు ఆమెకు చుట్టాలు. కొన్నాళ్ల నుంచి నాలుగోది వస్తున్నది. శీకాయతోటి రుద్దుకున్న తల వాసన, మా ఇంట్లో వాడని కొబ్బరినూనె వాసన. "లారీ మనిషికి మహారాష్ట్రల తలస్నానం ఎవలు పోసిన్రు?" అని గూనెను అడిగినట్టు అడిగేది. బాపు వినబడనట్టే కాళ్లు కడుక్కునేటోడు. మా తమ్ముండ్లు బడికి పోతుండె. నేను పెద్దదాన్ని, ఆడపిల్లను, ఇంటి పనికి అక్కరొస్తనని నన్ను పంపలేదు. కాబట్టి ఖాళీగ ఉన్నది నేనొక్కదాన్నే. ఒకనాడు అవ్వ నాకు కొత్త గౌను తొడిగి, లారీ ముందర సీట్లోకి ఎత్తి, "పిల్ల ఊరు చూస్తదట, తీస్కపో" అన్నది బాపుతోని. నా చెవిలో మాత్రం వేరే మాట చెప్పింది. "యాడ ఆగుతడో చూడు. ఎవలు అన్నం పెడుతరో చూడు. ఉన్నది ఉన్నట్టు వచ్చి నాకు చెప్పు."

ఇన్నేండ్లకు మళ్ల అదే కొలువు. కాకపోతే ఈసారి ముందు సీటు కాదు. అల్లుని పక్కన అత్త కూర్చునుడు బాగుండదని నేను వెనక కూర్చున్న, లావణ్య ముందు కూర్చున్నది. రవీందర్ వారం సెలవు పెట్టి కారు కిరాయికి తీసుకున్నడు. తను ఉండే కౌనస్ నుంచి విల్నియస్, అక్కడి నుంచి చెరువు నడుమ ఎర్ర ఇటుకల కోట ఉన్న ట్రకై, ఆ తర్వాత లాత్వియాలో రీగా, చివరికి ఎస్టోనియాలో టాలిన్ దాకా మూడు దేశాల పాత ఊర్లు చూపిస్తనన్నడు. వెనక సీట్లో నాకు ఆ ఊర్ల కన్నా అద్దంలో అల్లుని కండ్లే ఎక్కువ కనబడ్డయి. "అత్తమ్మా, కాళ్లు గుంజుతున్నయా, ఆపాల్నా?" అని అడిగితే, తప్పు చేసినోడు గనకనే ఇంత మర్యాద అనిపించేది. అడగకుంటే, మనసు ఇంకెక్కడనో ఉన్నది అనిపించేది. ఫోను మోగితే వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మెల్లగ మాట్లాడి పెట్టేసేటోడు. డిక్కీలో ఒక కాగితం సంచి ఉండె. మా సామాను ఎన్నిసార్లు దించినా ఎక్కించినా ఆ సంచిని మాత్రం తనే తీసి తనే పెట్టేటోడు. లావణ్య వెనకకు తిరిగి నా మొఖం చూసేది. నేను కిటికీలోకి చూసేదాన్ని.

విల్నియస్‌లో పాత కోట దర్వాజ ఒకటున్నది. దాని మీద మేడలో బంగారు రేకుల నడుమ మేరీమాత. కింద బజారులో పోయేటోళ్లు నడక ఆపి, తలలు వంచి, మళ్ల పోతున్నరు. నేను చెప్పులు విడిచి దండం పెట్టుకున్న. "అమ్మా, రాళ్లు సల్లగున్నయి, తొడుక్కో" అని లావణ్య కసిరింది. నా కండ్లకు తప్పు కనబడకుండ చెయ్యి తల్లీ అని మొక్కబోయి, ఆగి, ఉన్నది మొత్తం కనబడేటట్టు చెయ్యి అని మొక్కిన. అట్ల ఎందుకు మార్చి మొక్కిననో ఆ దేవునికి తెలుసు, నాకు తెలుసు. ఆ దేశంలో ఎండాకాలం పొద్దు తొందరగ గూకదు. సంధ్యదీపం ఎప్పుడు పెట్టాల్నో అర్థం గాక, ఇంటి గడియారం తలుచుకొని దండం పెట్టుకునేదాన్ని. ఆ ఎండకు, ఆ తిండికి, మంచిగ ఉన్న మోకాళ్లకు అన్నిటికి దేవునికి రుణపడ్డ. మనసు మాత్రం మంచిగ లేకుండె.

లిథువేనియా దాటి లాత్వియాలోకి పోయేటప్పుడు, "అగో, దేశం మారింది" అన్నడు రవీందర్.

"యాడ?"

"ఆ నీలం బోర్డు కాడ అత్తమ్మా. అయిపోయింది."

పక్కన రేకుల కప్పు వేసిన పాత చెక్‌పోస్టు ఒకటి ఉత్తగ నిలబడి ఉన్నది. ఎవరూ లేరు. మద్నూర్ అవతల మా సలాబత్‌పూర్ చెక్‌పోస్టు యాదికొచ్చింది. లారీల వరుస, ఇనుప చువ్వతోని బెల్లం ముద్దలను పొడిచి చూసే జవాన్లు, తెలుగు, మరాఠి, ఉర్దూ మూడు భాషలల్ల తిట్లు. బాపు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే జవాను నాకు ముద్దలకెళ్లి విరిగిన బెల్లం ముక్క ఇచ్చి లారీని వదిలేటోడు. అప్పుడు బండి నిండ తనిఖీ. ఇప్పుడు ఆపేటోడు లేడు, తనిఖీ చేసేది నేనొక్కదాన్నే.

అవ్వ నన్ను ఆ ఒక్కనాడే కాదు, తర్వాత గూడ చాలాసార్లు పంపింది. దెగ్లూర్‌లో బాపు లారీ ఆపేది బస్టాండు వెనక గల్లీలో ఒక మట్టి ఇంటి ముందట. ఆ ఇంటామె అనసూయబాయి. పుట్టింది మన బీర్కూర్ దిక్కు, తెలుగు చదువుకున్నది. పుట్టింట్లో ఎవరూ మిగలలేదు. ఆమె మొగుడు మారుతి ఒకప్పుడు బాపుతోని అదే లారీ నడిపినోడు. లారీ బోర్లపడి నడుము పడిపోయి మంచంలో ఉండె. బాపు పోంగనే ఆయనను లేపి, ఒళ్లు తుడిచి, బట్టలు మార్చేటోడు. ఆ పని అయినంక అనసూయబాయి తలకు నీళ్లు తోడేది, బాపు తానం చేసేటోడు. నాలుగో వాసన అదే. ఆమె జొన్నరొట్టెలు చేసే ముందు పెద్ద తాంబాళంలో పిండి పరిచి, నా వేలు పట్టుకొని అక్షరం దిద్దించేది. ఒక అక్షరం వచ్చినంకనే ఆ పిండిలో నీళ్లు పోసేది. నేర్చుకున్న అక్షరాన్ని రొట్టె చేసుకొని తినేదాన్ని. పిండి తడిపేసరికి గోడ మీద కూర్చున్న ఎండ, పొగచూరిన చూరు, ఎల్లిగడ్డ కారం, మంచంలకెళ్లి మారుతి మామ "పోరి రాసిందా?" అని అడుగుడు, నాకు బడి అంటే అదే. బడికి పోయినోళ్ల మీద నాకు ఇప్పటికీ కుళ్లు లేదు.

ఇంటికొచ్చినంక అవ్వ నన్ను ముందట కూర్చోబెట్టుకొని జడవేసేది. జడవేసుకుంటనే అడిగేది. జవాబు నచ్చకుంటే దువ్వెన గట్టిగ పడేది. "ఎవలింట్ల తిన్నరు?" "అనసూయబాయి ఇంట్ల." దువ్వెన. "మొగడున్నడా?" "ఉన్నడు, పండుకొని ఉంటడు." దువ్వెన ఆగేది, మళ్ల పడేది. లారీ బోర్లపడ్డ సంగతి మా ఇంట్లో ఎరుకనే. మారుతి నడిపితే పడ్డదని బాపు చెప్పిండు. మరి నడిపినోని ఇంటికి ఇన్నిసార్లు పోవుడు ఎందుకని అవ్వ మనసులో మెలిక.

ఒక ఎండాకాలం బాపు మద్నూర్‌లో ఆగి పచ్చ చీర ఒకటి కొన్నడు. అవ్వకనుకున్న. దెగ్లూర్ పోయి ఆ చీర అనసూయబాయికి ఇచ్చిండు. చీర కట్టుకొని ఆమె పీట మీద కూర్చుంటే, పసుపు కలిపిన బియ్యం, ఐదు కుడుకలు, రైక బట్ట పెట్టి ఒడిబియ్యం పోసిండు. మన దిక్కు పుట్టింటోళ్లు ఆడిబిడ్డకు పోసేది. బాపు పక్కన అవ్వ ఉండాలె. లేదు గనక నన్ను నిలబెట్టిండు. "మీ అవ్వ బదులు నువ్వు పొయ్యి" అన్నడు. నా దోసిట్లో బియ్యం పట్టలేదు. సగం ఆమె ఒడిలో పడ్డయి, సగం నేల మీద పడ్డయి. ఒడిబియ్యం కింద పడితే అరిష్టమని అవ్వ ఎన్నోసార్లు అంటే విన్న. బాపు వెనకకు పోయి దాక్కున్న. అనసూయబాయి నవ్వి, కొంగు నేలకు ఆనిచ్చి పడ్డ గింజలను గూడ ఒడిలోకి ఊడ్చుకున్నది.

ఇంటికొచ్చినంక జడవేసుకుంట అవ్వ అడిగింది. చీర సంగతి చెప్పిన. పచ్చది అని చెప్పిన, కట్టుకొని చూపించింది అని చెప్పిన. బియ్యం సంగతి చెప్పలేదు. చెప్తే కింద పోసింది చెప్పాలె, తన్నులు తినాలె. అంతే. అంతకుమించి నా మనసులో ఏం లేదు. నేను చెప్పిన ఒక్కొక్క మాట నిజమే. చీర ఒక్కటే ఇస్తే అది ఒక సంబంధం, చీరతోటి బియ్యం పోస్తే అది ఇంకో సంబంధమని ఏడెనిమిదేండ్ల పిల్లకు తెల్వదు.

అవ్వ దువ్వెన కింద పెట్టింది. బాపును నిలదీసింది. బాపు "నీకేం అనిపిస్తే అదే" అన్నడు. దోమకొండలో పుట్టింటికి పోయి అవ్వ మూడు నెలలు రాలేదు. వచ్చినంక దెగ్లూర్ మాట ఇంట్లో లేదు. బాపు నిజామాబాద్ దిక్కు లారీ పట్టుకున్నడు. వాళ్లిద్దరూ ఏండ్ల తరబడి నా నోటితోనే మాట్లాడుకున్నరు. "మీ బాపుకు అన్నం పెట్టిన్నని చెప్పు." "తింట అని మీ అవ్వకు చెప్పు." నా చదువు ఒత్తులు రాకముందే ఆగింది. నోటికి వచ్చిన భజనలను పుస్తకంలో వెతుక్కుంట, ఏ ఒత్తు ఏదో నేనే పోల్చుకున్న.

లావణ్య పుట్టినంక ఎల్లారెడ్డిలో మా అవ్వగారింట్లో నాకు ఒడిబియ్యం పోస్తుంటే అవ్వ చేతిలకెళ్లి గింజలు జారినయి. "ఏం గాదు అవ్వా, నేను గూడ దెగ్లూర్‌ల గిట్లనే కింద పోసిన" అన్న, నవ్వుకుంట. అవ్వ చెయ్యి అక్కడనే ఆగింది.

"ఏం పోసినవ్?"

"ఒడిబియ్యం. బాపు అనసూయబాయికి పోసిండు గద, చీర పెట్టి."

గడప కాడ కూర్చున్న బాపు తల ఎత్తలేదు. "ఆనాడు లారీ నడిపింది నేను," అన్నడు. "మారుతి పండుకొని ఉండె. మీతోని చెప్పనీకె నోరు రాలే." వారం తిరగకముందే అవ్వ, బాపు ఇద్దరూ కలిసి దెగ్లూర్ పోయిన్రు. ఆ ఇంట్లో వేరేటోళ్లున్నరు. మారుతి పోయిండని, ఆమె నాందేడ్ దిక్కు ఎటో పోయిందని చెప్పిన్రట. తీసుకపోయిన బియ్యం అట్లనే తిరిగొచ్చినయి. అవ్వ వాటిని వండలేదు, గుడిలో ఇచ్చింది.

ఇదంతా నా కడుపులో ఉండంగనే లాత్వియాలో త్సేసిస్ అనే చిన్న ఊరు చేరినం. పాడుబడ్డ కోట, లోపల చీకటి మెట్లు. ఎక్కేటోళ్ల చేతికి కొవ్వొత్తి పెట్టిన లాంతరు ఇస్తరు. "మీరు చూసి రాండ్రి, నాకు చిన్న పని ఉన్నది" అని రవీందర్ కింద ఆగిండు. నేను, లావణ్య లాంతరు పట్టుకొని గోడ పట్టుకొని ఎక్కినం. మీద సన్నటి కిటికీ. కింద రవీందర్ ఆ కాగితం సంచి చంకలో పెట్టుకొని గబగబ నడిచి, చెట్ల అవతల ఒక పచ్చ గేటు తీసుకొని లోపలికి పోతున్నడు. తలుపు తీసింది ఎర్రజుట్టు ఆమెనే.

"చూసినవా?" అన్నది లావణ్య. "ఇగ చాలు. ఇదే చెప్పు పెద్దమనుషులల్ల. సంచి పట్టుకొని పోయిండు, ఆమె తలుపు తీసింది. రెండు మాటలు, అంతే."

రెండు మాటలు. రెండూ నిజమే. "నేను సగం చూసినదాన్ని చెప్పను బిడ్డా," అన్న. "నడువు, అడుగుదాం."

"అడిగితే చెప్తడా?"

"అడగకపోతే అస్సలు చెప్పడు గద."

మెట్లు దిగి ఆ పచ్చ గేటు కాడ నిలబడ్డం. రవీందర్ బయటికొచ్చి మమ్ముల చూసి అక్కడనే ఆగిండు. అల్లునితోని నేను ఎన్నడూ అట్ల మాట్లాడలేదు. "రవీ, ఆ సంచిల ఏముండె? ఈ ఇల్లు ఎవరిది?"

ముఖం ఎర్రగ అయింది. గేటు పట్టుకొనే చెప్పిండు. పోయిన చలికాలం మంచు మీద లారీ జారి గుంతలో పడ్డది. కంపెనీ పనిలకెళ్లి తీసేసింది. వేరే కంపెనీల పని దొరికేదాక మూడు నెలలు ఖాళీ. ఈ ఇల్జే అనే ఆమె లారీలు ఆగే కాడ హోటల్లో వండుతది. తను జ్వరంతోని పడి ఉంటే ఇంటికి తెచ్చుకొని చూసుకున్నది, ఆ ఫొటో అప్పటిదే. ఆమె తల్లికి మోకాళ్లు పనిచెయ్యవు. సంచిలో ఉన్నది నొప్పుల నూనె. సదాశివనగర్‌లో వాళ్లమ్మ కాసి, సీల్ వేసి, "కొడుక్కు ఇయ్యి" అని లావణ్య పెట్టెలోనే పంపింది. అంటే దాన్ని మోసుకొచ్చింది మేమే.

"మూడు నెలలు రోజు నాతోని మాట్లాడినవ్," అన్నది లావణ్య. "బండి ఎక్కుతున్న, బండి దిగుతున్న అన్నవ్. అన్నీ అబద్ధాలా?"

"ఏమని చెప్పాలె? బండి బోర్లేసిన అని చెప్పనా?"

ఆ మాట వినంగనే నాకు బాపు గడప కాడ కూర్చున్నట్టే అనిపించింది. అయినా అంత మాత్రాన నమ్మలేదు. మంచి కథ చెప్పే మొగోళ్లు శానమంది ఉంటరు. "లోపలికి తీస్కపో," అన్న.

ఇల్లంతా కట్టెల పొగ, జీలకర్రలాంటిదేదో వేసిన నల్ల రొట్టె వాసన. ముసలామె కుర్చీలో కూర్చొని మా చీరలను వేలితోని తాకి చూసింది. ఇల్జే నా కన్నా పదిహేనేండ్లు చిన్నది కావచ్చు. మొగడున్నడో లేడో నేను అడగలేదు. రవీందర్‌ను పంపి కారులకెళ్లి మేం తెచ్చుకున్న బియ్యం తెప్పించిన. చేతి సంచిలో పసుపు, కుంకుమ, రైక బట్ట ఎప్పుడూ ఉంటయి. కుడుకలకు బదులు ఆ ఇంటి అక్రోట్లు ఐదు పెట్టిన. "ఇది మన దిక్కు దేనికి చేస్తరో ఆమెకు చెప్పు," అన్న. "చెప్పినంక నీ చేతులతోని పొయ్యి."

దేవుని పేరు మీద చేసే పనిని నేను పరీక్షకు పెట్టిన. తప్పే, క్షమించమని మొక్కిన గూడ. గని మా దిక్కు పుట్టిన మొగోడు మనసులో వేరే తీరు పెట్టుకొని ఒకామె ఒడిలో బియ్యం పొయ్యలేడు. అల్లుని చేతులనే చూసిన. వణికినయి. తప్పుకు వణికినయో ఏడుపుకు వణికినయో చెప్పలేను. పోసిండు మాత్రం. ఇల్జే వంటకని నడుముకు కట్టుకున్న గుడ్డను ఒడి పట్టి, నవ్వుకుంట, ఏమో అడుగుకుంట పట్టుకున్నది. రెండో దోసిలి అయినంక లావణ్య ముందటికి వచ్చింది.

"జరుగు. వదినె లేకుండ ఎట్ల పోస్తవ్? ఆడిబిడ్డను చేస్తివి గద, ఇగ రేపటి నుంచి నన్ను సతాయిస్తది చూడు."

ఐదు దోసిళ్లల్ల మిగిలిన మూడు ఇద్దరూ కలిసి పోసిన్రు. ఆ తర్వాత టాలిన్ పోయినం. అక్కడి కోటగోడలు, రాళ్లు పరిచిన గల్లీలు, సముద్రం, అన్నీ చూసిన. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ఊరే నేను మంచిగ చూసిన ఊరు. నా అనుమానం మొత్తం పోయిందని మాత్రం చెప్పను. లావణ్యది అసలే పోలేదు. ఇప్పుడు అల్లుడు ఫోను చేస్తే ముందుగాల స్టీరింగు చూపించాలె, తర్వాతనే మాట. కాపురం అయితే నిలబడ్డది. కామారెడ్డి వచ్చినంక సుజాత "ఏం చూసినవ్ అక్కా?" అని కూర్చున్నది. మొదటి నుంచి మొత్తం చెప్పిన, మూడు నెలల అబద్ధంతోని సహా. గంటన్నర పట్టింది. నడుమ రెండుసార్లు ఆవులించింది.

అవ్వ కాలంలో ఒక చీర మాట ఊర్లకు ఊర్లు నడిచి రావాలె. ఇప్పుడు ఫొటో రెప్పపాటులో వస్తది. అప్పుడూ ఇప్పుడూ సగమే వస్తది. మిగిలిన సగం కోసం మనిషే పోవాలె, మనిషే అడగాలె. ఆనాడు నేను చెప్పిన సగమే అవ్వను మిగిలిన సగం అడగనియ్యలేదు.

చదివే మీతోని ఒకటే కోరిక. మీ ఇంట్ల ఆడిబిడ్డకు ఒడిబియ్యం పోసేటప్పుడు దెగ్లూర్ అనసూయబాయి పేరు ఒక్కసారి తలుచుకోండ్రి. పుట్టింటి నుంచి పోసేటోళ్లు లేని మనిషి. ఉన్న ఒక్క అన్నను నా మాటతోని దూరం చేసిన. నేను రాసిన ఈ నాలుగు అక్షరాలు ఆమె పెట్టినవే.